కరుణమ్మ పక్కన నా చోటు

"తాతయ్యా, నానమ్మ సమాధి ఒక్కటేగా? రెండు డబ్బాల సున్నం ఎందుకు తెప్పించావ్?"

ఎందుకా? అడిగావూ! వెళ్ళి మీ నాన్ననడుగు. సంఘపెద్ద కదా, అన్నీ ఆయనకే తెలుసు. నన్ను కదిలిస్తే నాకు మళ్ళీ బీపీ లేస్తది, మీ అమ్మ మళ్ళీ నా కూరలో ఉప్పు ఆపేస్తది. ఏంటది, ఫోన్లో రికార్డు చేస్తన్నావా? చెయ్యి, చెయ్యి. మీ నాన్నకి కూడా వినిపించు, బాగా గట్టిగా పెట్టి వినిపించు.

ఒక డబ్బా మీ నానమ్మకి, మా కరుణమ్మకి. రెండోది ఏసోబుకి. ఆఁ, మన చర్చిలో డోలక్ వాయించేవాడు చూడు, పొట్టిగా, ఎప్పుడూ నోట్లో వక్కపలుకు... ఆ ఏసోబే. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు పోయాడు. నీకీ సంగతంతా తెలీదు.

వాడికీ నాకూ పడేది కాదులే. పగ కాదు, పగంటే పాపం. పడేది కాదు, అంతే. చర్చిలో పాట ఎత్తేది నేను కదా. పాటంటే నిదానంగా ఉండాలి, మాట మాట విడిగా వినపడాలి అంటా నేను. వాడు డోలక్ అందుకున్నాడంటే జగ్గయ్యపేట బస్సు వెళ్ళిపోతన్నట్టు పరిగెత్తించేవాడు. రెండో చరణానికొచ్చేసరికి ముసలమ్మలకి ఊపిరాడేది కాదు. ఒరే, నిదానం రా అంటే, "నీ పాటకి దేవుడికి కునుకొస్తది దానియేలూ" అనేవాడు. అందరిముందూ! ఒక మట్టలాదివారం నాడు ఈతమట్టలు పట్టుకుని పోయే ఊరేగింపులో వాడూ వాడి జనం పాడుకుంటా ముందుకెళ్ళిపోయారు, నేనూ నా జనం వెనకపడ్డాం. ఒకటే పాట, ఊరికి ఆ చివర వాళ్ళు, ఈ చివర మేము. కొట్టు అరుగుమీద శెట్టిగారు, "ఏంటండీ దానియేలుగారూ, మీలో కూడా రెండు పార్టీలొచ్చినయ్యా" అని నవ్వు. తల కొట్టేసినట్టయింది నాకు.

అట్టాంటోణ్ణి తీసుకొచ్చి ఎక్కడ పడుకోబెట్టాడో తెలుసా మీ నాన్న? మీ నానమ్మ పక్కన! నా చోట్లో!

నువ్వు నవ్వుతన్నావ్. నవ్వు, నవ్వు. నీకేం.

మన సమాధుల తోట మున్నేటి వైపు పల్లంలో ఉంది కదా. నల్లరేగడి. వానాకాలం కాస్త తవ్వితే చాలు ఊటొస్తది. పడమటి చివర మాత్రం కొంచెం గరప దిబ్బ ఉంది, గట్టి నేల, అక్కడికి నీళ్ళు రావు. మీ నానమ్మ పోయినప్పుడు అప్పటి పాస్టరు అయ్యగార్ని బతిమాలి ఆ దిబ్బమీద పెట్టించా. ఆవిడకి చలి పడదు, తేమ పడదు, నీకు తెలుసుగా, మాఘమాసం దాకా స్వెట్టర్ విప్పేది కాదు. పక్కన నాకు చోటుంచుకున్నా. ఊరికే ఉంచటం కాదు, పేట నుంచి నాపరాయి బండ ఆటోలో వేయించుకొచ్చి అక్కడ పరిచా. ఆ ఆటోవాడు బండకి వేరేగా, నాకు వేరేగా తీసుకున్నాడు, చూడు అన్యాయం! మా రోజుల్లో పావలాకి పెనుగంచిప్రోలు తిరనాళ్ళకి వెళ్ళి, జీళ్ళు తిని, మళ్ళీ ఇంటికొచ్చేవాళ్ళం. సరే, అదటుంచు.

ఆ ఏడు నాకు కంటి ఆపరేషనయింది. నందిగామలో మీ అత్తయ్య ఇంట్లో ఉన్నా. తల తడపకూడదు, వంగకూడదు, పాడకూడదు... కాదులే, పాడొద్దని డాక్టరు అనలా, మీ అత్తయ్యే అంది. అప్పుడే కదా ఆ వానలు. మున్నేరు పొంగింది, దారులు తెగినయ్యి, ఫోన్లు లేవు, కరెంటు లేదు. ఆ వానల్లోనే ఏసోబు పోయాడు. ఫోన్లు కలిశాక మీ అత్తయ్య చెప్తే బాధేసింది తల్లీ, అబద్ధమెందుకు. పాట ఎవరెత్తారు అనడిగా. అంతేగానీ ఎక్కడ పెట్టారు అని ఎవరైనా అడుగుతారా?

ఊరికొచ్చాక ఆదివారం ఆరాధనవగానే నల్ల కళ్ళజోడు పెట్టుకుని మీ నానమ్మ దగ్గరికెళ్ళా. వెళ్తే పక్కన కొత్త మట్టి! నాకు ఆపరేషన్ సరిగా కుదర్లేదేమో, ఒకటి రెండుగా కనపడతందేమో అనుకున్నా. కళ్ళజోడు తీసి చూశా. రెండే! పైగా నా బండ, నా ఆటో డబ్బుల బండ, దాన్ని లేపి వాడి తల దగ్గర పాతి, దానిమీద ఎర్ర రంగుతో ఏసోబు అని రాశారు.

ఇంటికొచ్చి మీ నాన్నని పట్టుకున్నా. "మూడుచోట్ల తవ్వాం నాన్నా, మూడుచోట్లా నీళ్ళే. మనిషిని నీళ్ళల్లోకి ఎట్టా దింపుతాం?" అంటాడు. అక్కడ బండ పరిచి ఉందిగా, గుడ్డివాడివా అన్నా. ఏమన్నాడో తెలుసా? "దానిమీద నీ పేరు రాయలేదుగా నాన్నా!" బతికున్నోడు బండమీద పేరెవడు రాయించుకుంటాడే? సైన్సు మాస్టారు, అందరి పిల్లలకీ పాఠం చెప్తాడు, ఇదీ తెలివి.

అయ్యగారి దగ్గరికెళ్ళా. ఇప్పుడున్న కుర్ర అయ్యగారే. "తాతగారూ, మట్టి ఎక్కడుంటే ఏముందండీ, ఆత్మ దేవుడి దగ్గరుంటది కదా, భారమంతా ఆయన మీద వేసేయండి" అని తల నిమిరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకేం, బదిలీల ఉద్యోగం. కొన్నాళ్ళుంటాడు, సామాను వ్యాన్లో వేసుకుని వత్సవాయో కీసరో పోతాడు. ఆయనకి మట్టి ఎక్కడైనా మట్టే. నాకట్టా కాదు. మా తాత బాప్తిస్మం తీసుకుంది ఈ ఏట్లో, మా అమ్మ కలుపు తీసింది ఈ రేగట్లో, మీ నానమ్మని దింపింది ఈ గరపలో. దేవుడు పరలోకంలో ఉన్నాడంటే ఒప్పుకుంటా, కానీ నాకు ఆయన్ని పరిచయం చేసింది ఈ ఊరే కదా!

దేవుడితో కూడా పోట్లాడా. అవునే, పోట్లాడా, ఎందుకు దాయాలి? ప్రార్థన అనుకో, తగువనుకో. ప్రభువా, భారం నీమీద వేసే కదయ్యా నందిగామ వెళ్ళా? కన్నిమ్మన్నా, ఇచ్చావు. ఈ చోటు కాస్త చూస్తా ఉండు అని ఆవిడ దగ్గర నిలబడి చెప్పే వెళ్ళానే! కన్నిచ్చింది ఇది చూట్టానికా? కొన్నాళ్ళు పాట కూడా ఎత్తలా, వెనక బెంచీలో మూతి ముడుచుకు కూర్చున్నా.

పోయినేడు సమాధుల పండగొచ్చింది. నేను సున్నం, కుంచె పట్టుకుని మీ నానమ్మ వరకే వేస్తా, ఏసోబు వైపు చూడను అని గట్టిగా అనుకునే వెళ్ళా. తోటంతా తెల్లగా మెరిసిపోతంది, బంతిపూలు, కొవ్వొత్తులు. వాడి సమాధి ఒక్కటే నాచుపట్టి, పైన మేక పడుకునుంది. వాడికి పిల్లల్లేరు కదా. పెళ్ళాం ముందే పోయింది, ఆవిణ్ణి పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి వాళ్ళ ఊళ్ళో పెట్టుకున్నారు. వాడికెవరు వేస్తారు సున్నం? మీ నానమ్మ పక్కన అట్టా పాడుబడ్డ ఇల్లులాగా ఉంటే ఆవిడకి బాగుంటదా? మేకని అదిలించి, తిట్టుకుంటానే వేశా. వాడికోసం కాదు, ఆవిడకోసం.

తర్వాత అందరూ చేరి పాటెత్తమన్నారు. ఎత్తా. డోలక్ లేదు. నిదానంగా, నాకెట్టా కావాలో అట్టా, మాట మాట విడిగా. ఎవడూ తొందరపెట్టలా. రెండో చరణానికొచ్చేసరికి నా గొంతు దానంతటదే ఆగి చూస్తంది, వాడి దెబ్బ ఎప్పుడు పడతదా అని. పడలా. ఏడుపొచ్చింది. మీ నానమ్మ గుర్తొచ్చి ఏడుస్తన్నా అనుకున్నారంతా. ఆవిడకోసం కాదే. ఆ పొట్టి వెధవ కోసమే.

అదీ రెండో డబ్బా సంగతి. చాలా?

నా చోటా? ఉందిలే. మీ నాన్న చూపించాడు, మీ నానమ్మ కాళ్ళ దగ్గర, అది కూడా గరపే. కానీ అదొక తలనొప్పి. మనం తల పడమరకీ కాళ్ళు తూర్పుకీ పెడతాం కదా, ఆఖరి రోజున కడబూర మోగి చచ్చినోళ్ళందరం లేచేసరికి మొహం తూర్పుకుండాలని. మరి నేను ఆవిడ కాళ్ళ దగ్గరుంటే, లేచాక ఆవిడకి కనపడేది నా వీపు! నాకు ఆవిడ కనపడనే కనపడదు. అయ్యగార్నడిగితే నవ్వుతాడు. మీ నాన్ననడిగితే లేచి బయటికి పోతాడు. ఎవరికీ పట్టదు.

నాకు రాత్రిళ్ళు అదే ఆలోచన. మొన్న ఉన్నట్టుండి నాకే అనిపించింది, కొత్తేముంది ఇందులో అని. బతికినన్నాళ్ళూ చర్చికెళ్ళినా, చేలోకెళ్ళినా నేను ముందు విసవిసా పోయేవాణ్ణి, ఆవిడ వెనక. ఎప్పుడైనా తిరిగి చూశానా? ఆవిడే కేకేసేది, "ఏవయ్యో, కాస్త ఆగు" అని. ఆ రోజు కూడా కేకేస్తది. అంత జనంలో, అన్ని బూరల్లో కూడా నాకు వినపడతది, ఆ నమ్మకం నాకుంది. దేవుడి మీద వేసిన భారం అదొక్కటే ఇప్పుడు.

ఆపు ఇక ఆ ఫోను. ఇట్టా రా, తల వంచు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. నీ చెయ్యి పట్టుకునేవాడు, నువ్వు పిలవకముందే ఆగి వెనక్కి చూసేవాడు కావాలి.