వెంటిలేటర్లు మూయమన్నది ఎవరు

2008 మే 17, శనివారం, ఉదయం 10.40 గంటలు.

నా పేరు చింతలపాటి ఉదయ్‌కుమార్. తండ్రి పల్లంరాజు. వయసు ముప్పై నాలుగు. సివిల్ డిప్లొమా చదివాను. పాలకొల్లు బస్టాండు వెనక వీధిలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు నడుపుతున్నాను. నన్నెవరూ స్టేషనుకు పిలిపించలేదు, నా అంతట నేనే వచ్చాను. ఎస్.ఐ. గారు కూర్చోమన్నారు. నిలబడే చెబుతానన్నాను.

కొబ్బరి వ్యాపారి పెద్దిరాజు గారు ఊరి చివర ఒక్క అంతస్తు ఇల్లు కట్టుకున్నారు. ప్లాను నాది. మేస్త్రి లాజరు. పడమటి గది పెద్దిరాజు గారి తల్లి మాణిక్యాంబ గారిది. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు. తుంటి ఎముక విరిగాక వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసేవారు. ఆ గదికి ఏసీ పెట్టాలి, కరెంటు తక్కువ కాలాలి, అందుకు గోడలూ కిటికీలూ ఎలా ఉండాలో కంప్యూటర్లో లెక్క వేసి చెప్పమని పెద్దిరాజు గారు అడిగారు. ఈ చుట్టుపక్కల అలాంటి లెక్క వేసేది నేనొక్కణ్ణే. బోర్డు మీద రాయించుకున్నాను కూడా. నాకు ఆ గర్వం ఉండేది.

నా దగ్గర రెండు ప్రోగ్రాములున్నాయి. మొదటిది గది కొలతలు, గోడ మందం, కిటికీ సైజు అడిగి ఐదు నిమిషాల్లో ఎంత ఏసీ కావాలో చెప్పేస్తుంది. దాని లెక్కలో కరెంటు పోవడమనేది ఉండదు. రెండోది ఏడాది పొడవునా గంట గంటకీ గదిలో ఎంత వేడి ఉంటుందో లెక్క కడుతుంది. ఏ గంటలో ఏసీ ఆగిపోతుందో, గాలి ఎటునుంచి వస్తుందో అన్నీ దానికి చెప్పాలి. నా పాత కంప్యూటర్ మీద అన్ని రకాలుగా వేసి చూడాలంటే రెండు గంటలు పట్టేది.

మార్చి 5, బుధవారం, పదకొండున్నరకు ఆ పనికి కూర్చున్నాను. మా వీధికి పన్నెండు నుంచి మూడు దాకా కరెంటు కోత. నా యూపీఎస్ పది నిమిషాలకు మించి రాదు. పెద్దిరాజు గారికి ఒంటిగంటకల్లా కాగితం కావాలి. రెండోది మొదలుపెడితే మధ్యలో ఆగిపోతుందని మొదటిది తెరిచాను. కరెంటు పోతుందన్న భయంతో, కరెంటు పోదనుకునే ప్రోగ్రాం ఎంచుకున్నాను. ఈ మాట ఇలాగే రాయండి సార్.

వెంటిలేటర్లు మూసి, కిటికీకి తెరవడానికి వీల్లేని అద్దం బిగిస్తే టన్నున్నర బదులు టన్ను ఏసీ చాలని వచ్చింది. పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా ప్రింటు తీశాను. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సైటుకెళ్ళి లాజరుకు చెప్పాను.

"అమ్మగారి గదికి ఒకటైనా ఉంచుదామండి. కరెంటు పోతే ఉడికిపోతారండి ఆవిడ," అన్నాడు.

"లెక్క వేసింది కంప్యూటరు లాజరూ. నువ్వూ కాదు, నేనూ కాదు. మూసెయ్."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు. ఆ మధ్యాహ్నమే మూశాడు.

మే 14, బుధవారం. పెద్దిరాజు గారి కుటుంబం తునిలో పెళ్ళికి వెళ్ళింది. పక్కింటి శ్యామలాంబ గారు పదకొండున్నరకు మాణిక్యాంబ గారికి అన్నం పెట్టి, ఏసీ వేసి, తలుపు చేరవేసి తమ ఇంటికెళ్ళారు. పన్నెండింటికి కరెంటు పోయింది. శ్యామలాంబ గారు మళ్ళీ వచ్చేసరికి మూడుంపావు, కరెంటు ఇంకా రాలేదు. తలుపు తీస్తే ఇటుక బట్టీలా సెగ కొట్టిందట. మాణిక్యాంబ గారు మంచానికీ తలుపుకీ మధ్య పడి ఉన్నారు. ఒక చెయ్యి వాకరు మీద ఉంది. పైన ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు డాక్టరు గారు.

15వ తేదీ ఉదయం ఎనిమిదింటికి పెద్దిరాజు గారు ఆ గది గుమ్మంలో నిలబడి, "వెంటిలేటర్లు ఎవరు మూశారు బాబూ?" అని నన్నడిగారు.

"మేస్త్రి మూశాడండి," అన్నాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. మూసింది లాజరే. తాపీ పట్టుకున్నది లాజరే. మూయమన్నది ఎవరని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. సాయంత్రానికి లాజరును స్టేషనుకు తెచ్చారు.

నిన్న ఉదయం ఏడింటికి రెండో ప్రోగ్రాం తెరిచి అదే గదిని, అదే కోతతో వేశాను. పాలకొల్లు వాతావరణం అందులో లేదు, మచిలీపట్నానిది పెట్టాను. మూసిన గది మూడు గంటలకు నలభై మూడు డిగ్రీలు. కిటికీ, వెంటిలేటర్లు తెరిచి ఉంటే ముప్పై ఎనిమిది. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే వచ్చింది. నాకు సిగ్గు వేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువ వేసింది.

పదకొండింటికి లాజరు ఇంటికి వెళ్ళాను. మూయమన్న రోజు సైటులో అతనికి చీటీ కూడా రాసిచ్చాను. 'పడమటి గది, వెంటిలేటర్లు రెండూ మూయాలి' అని, కింద నా సంతకం. ప్లానులో మార్పు వస్తే చీటీ లేకుండా మా మేస్త్రులు చెయ్యరు. చేశాక పారెయ్యరు. దాన్ని తీసుకుని చింపేద్దామనే వెళ్ళాను. అతని భార్య వీరవేణికి చదువు రాదు. చీటీలు ఒకసారి చూడాలమ్మా అంటే, తీగకు గుచ్చిన కట్టంతా తెచ్చి నా చేతిలో పెట్టింది. నాది తీసి జేబులో వేసుకున్నాను.

"మా ఆయన్ని ఇడిపించే కాయితమేనాండి అది?" అనడిగింది.

అవునన్నాను. అప్పుడు అబద్ధమే చెప్పాను. ఆ చీటీ ఇదుగో, తీసుకోండి.

రాసినదంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ఇది నిజమని ఒప్పుకుని కింద చేవ్రాలు చేస్తున్నాను. చీటీ మీద ఉన్న సంతకం, ఇదీ ఒక్కటే.

(సం.) చింతలపాటి ఉదయ్‌కుమార్