గొట్టం పీల్చిన సిద్ధరాములు

దాజీ పేట్ చాయ్ బండి దగ్గర సిద్ధరాములు నోరు విప్పితే మూయించడం ఎవరి తరమూ కాదు. ఆరోజు మాత్రం మూయాలంటే ఆయనకే భయంగా ఉంది. మూస్తే నాలుక మీది చేదు తెలుస్తోంది.

పొద్దున జరిగింది చిన్న సంగతే. కూతురు సారిక కాలేజీ ప్రాజెక్టుకని వేలెడంత గాజుబిళ్ల తెచ్చింది. దాని లోపల వెంట్రుకంత సన్నని కాలువలు. సిరంజితో, సన్నని గొట్టాలతో వాటిలోకి గాలిబుడగ పోకుండా మందునీళ్లు ఎక్కించాలి. ఎంత నెట్టినా కదలట్లేదని విసుక్కుని ఆమె స్నానానికి పోయింది. ముప్పై ఏళ్లుగా మగ్గం నేస్తూ, నాడె అనే షటిల్ కంట్లోంచి పోగును నోటితో పీల్చి లాగిన మనిషి ఊరుకుంటాడా? బల్లమీది గొట్టం అందుకుని పీల్చాడు. ఎర్రనీళ్లు గుటుక్కున గొంతులోకి దిగాయి. చెప్పడానికి సిగ్గేసి ఇంట్లోంచి బయటపడ్డాడు. అవి విషమేమోనని ఇప్పుడు అనుమానం పట్టుకుంది. సారిక ఫోన్ ఎత్తడం లేదు.

"ఒక్కసారి పీల్చిన, అంతే, నీళ్లు సర్రున ఉరికినయ్. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఎర్రనీళ్లు, నీలంనీళ్లు పడుగు పోగుల లెక్క పక్కపక్కకే నడిచినయ్, ఒక్క చుక్క కలువలే. జర ఊదిన, చద్దరు నేసినట్టు అంచు పడ్డది," అని కోతలు మొదలుపెట్టాడు.

అందరూ నవ్వారు. ఆయన ఫోన్ చూసుకుని, గొంతు తడుముకుని, కోత ఇంకా పెంచాడు. ప్రొఫెసర్లు వరసకట్టి దండం పెట్టారట. ఉజనీ డ్యామ్ నీళ్లన్నీ ఆ వెంట్రుక కాలువలోంచే లాగేశాడట. భీమా నది ఎండిపోయి చేపలు ఒడ్డుకు నడిచొచ్చాయట.

చాయ్ ముట్టకుండా మాటిమాటికీ పుక్కిలిస్తున్న ఆయన్నే చూస్తున్న ముసలి నేతగాడు నర్సయ్య బీడీ పక్కన పెట్టాడు.

"అంతా మంచిగనే ఉంది తమ్మీ. నీ నోట్లకొచ్చినయ్ ఏం నీళ్లు?"

"అదే తెల్వదన్నా," అన్నాడు సిద్ధరాములు. నవ్వులు ఆగిపోయాయి.

అంతలో ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కేసి, జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

"ఏం గాదు బాపూ, రంగేసిన సబ్బునీళ్లే అవి," అంది సారిక. "నువ్వు పీల్చిన గొట్టం బిళ్లకు పెట్టనే లేదు. దాని కొస ఆ సబ్బునీళ్ల గిన్నెల ఉండె."

సిద్ధరాములుకు ప్రాణం లేచొచ్చింది. చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"అయితే ఉజనీ నీళ్లు ఆ గిన్నెలనే ఉన్నయన్నట్టు," అన్నాడు నర్సయ్య.

సిద్ధరాములు చాయ్ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.