మోత మోగే గొట్టం

పోర్టోరికోలో, పోన్సే పట్టణంలో కార్ల సామాన్ల షాపు. కౌంటర్‌కి అటు యజమాని నాందో, భార్య పోయినవాడు. ఇటు మిల్తా, భర్త పోయినామె, చిన్న కారు తాళాలు వేలికి తిప్పుతోంది.

“అది కాదు నాందో గారూ, ఇంజిన్‌కి గాలి పీల్చే ఆ పొట్టి గొట్టం చూపించండి.”

“పొట్టిది మీకెందుకు మిల్తా గారూ? ఇంజిన్ పక్కనే కూర్చుని వేడిగాలి పీలుస్తుంది. మోత తప్ప లాభం లేదు. ఈ పొడుగుది బంపర్ దాకా దిగుతుంది, చల్లగాలి. బండికి దమ్మొస్తుంది.”

“వానొస్తే మా వీధిలో మోకాల్లోతు నీళ్లు. అంత కింద పెడితే ఏం పీలుస్తుంది, గాలా?”

“...నీళ్లే. ఇంజిన్ పోతుంది. అసలు మార్చడం దేనికి? కంపెనీవాడు పెట్టిన గాలి డబ్బా బంగారంలా ఉంది. కొత్త ఫిల్టర్ వేసి పంపిస్తా.”

“అమ్ముకునేవాడే వద్దంటాడేంటండీ? పొట్టిదానికి మోత ఎంతొస్తుంది?”

“యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బుసకొడుతుంది. కుర్రాళ్లు పెట్టించుకునేది.”

“రేడియో మోగుతున్నా వినపడుతుందా?”

“వినపడుతుంది.”

“నలుగురు డామినో ఆడుతూ, బిళ్ళలు బల్లకేసి బాదుతున్నా?”

“వినపడుతుంది. ఎవరికి వినపడాలేంటి?”

“ఒకాయనకి. దగ్గర దారి వదిలేసి రోజూ సాయంత్రం ఆయన ఇంటి ముందునుంచే వెళ్తాను. వరండాలో నలుగురు ఆడుతుంటారు. ముగ్గురు చెయ్యూపుతారు. ఆయన మాత్రం బిళ్ళల్లోంచి తలెత్తడు.”

“చెవుడేమో.”

“నేనూ అదే అనుకున్నా. ఇవాళ దగ్గర్నుంచి చూశాను. చెవులు బాగానే పనిచేస్తున్నాయి.”

“ఎవరండీ ఆ మొద్దు?”

“ఆకుపచ్చ గేటు.”

“మా వీధిలో ఆకుపచ్చ గేటు... నా ఒక్కడిదే.”

“తెలుసు. గొట్టం తియ్యండి.”

“తియ్యను.”

“ఎందుకని?”

“ఇప్పటికే మీ బండి మలుపు తిరగ్గానే నా చెయ్యి తప్పు బిళ్ళ వేస్తోంది. రోజూ ఓడిపోతున్నా. నా జోడీ తిట్టిపోస్తున్నాడు.”

“మరి తలెత్తొచ్చుగా?”

“ఎత్తితే నా మొహం చూసి ముగ్గురికీ అర్థమైపోతుంది. పైగా...”

“పైగా?”

“వాళ్లు మీరు గేటు దాకా వస్తేగాని చూడరు. మలుపు దగ్గర్నుంచీ మీ బండి చప్పుడు వింటున్నది నేనొక్కణ్ణే. ఆ మోత పెట్టించి, నాకున్నదాన్ని వీధంతా పంచిపెట్టకండి మిల్తా గారూ.”