పన్నెండో నంబరు జెర్సీ

ఖతార్‌లో, అల్ వక్రాలోని అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో, ఉతికిన పాత జెర్సీని సూపర్‌వైజరు లాండ్రీ బల్ల మీదికి విసిరికొట్టింది. బట్టలుతికే ఆమె తల దించుకుంది.

"గోడకున్న అద్దాల పెట్టెలోంచి దీన్ని తీసి కొత్త ఆటగాడికి ఇవ్వమని ఎవరు చెప్పారే నీకు?"

"ఆయనకు జెర్సీ లేకుండె మేడం. ఇది ఉత్తగనే ఉన్నదని ఉతికిచ్చిన."

"నువ్వు ఉతికేసిన మట్టి చనిపోయిన ఆటగాడి ఆఖరి ఆటది. అంత గొప్పవాడి నంబరు ఇంకొకరికి ఇవ్వరు. అమెరికా టీముల్లో తొంభై ఏళ్ళ ఆచారం ఇది. నీకేం తెలుసు? నీ పని పోయింది. యల్లా, కదులు, ఆ యూనిఫాం కోటు విప్పి వెళ్ళు."

ఆమె కోటు విప్పి మడతపెట్టింది. జేబు మీద ప్రమీల అని కుట్టి ఉంది.

"ప్రమీల సచ్చిపోయిన తెల్లారే గీ కోటు నాకు తొడిగిచ్చినవ్ మేడం. రేపు ఎవలకు తొడిగిస్తవ్?"