ఉప్పు ఫ్యాక్టరీ సొరంగంలో వినబడిన ‘ఇరుక్కు’

నా పేరు ముత్యాలయ్య. తండ్రి చిన్నపోలయ్య. వయసు నలభై ఉంటుంది, అది మా అమ్మ చెప్పిన లెక్క. ఊరు జువ్వలదిన్నె. చేపల వేట లేనప్పుడు సముద్రం పక్కన ఉప్పు ఫ్యాక్టరీలో కూలికి పోతాను.

ఫ్యాక్టరీ ఆవరణ కింద ఇటుకల సొరంగం ఉంది. సముద్రపు నీళ్ళ గొట్టాలు, ఆవిరి గొట్టాలు అందులోంచే పోతాయి. తెల్లదొరల కాలం నాటిది. ఉప్పుగాలికి ఇటుకలు పొడిపొడిగా రాలుతున్నాయి. కప్పు కూలకుండా తాటిమొద్దులు ఊతంగా నిలబెట్టి, దాని కింద కొత్త ఇటుకలతో ఇంకో కప్పు కడుతున్నారు. లోపల కట్టేవాడు ఆర్ముగం, అరవదేశం తాపీమేస్త్రి. బయటినుంచి ఇటుకల గంప తోసేది నేను. ఆయన నడుముకు కట్టిన తాడు కొస నా చేతిలో ఉంటుంది. లోపల మనిషి ఇరుక్కుంటే లాగమని పెద్దమేస్త్రి నరసయ్య చెప్పాడు. నరసయ్యకు అరవం వచ్చు. మా ఇద్దరి మాటలూ ఆయనే అటూ ఇటూ చెప్పేవాడు. నాకు అరవం రాదు. ఆర్ముగానికి తెలుగు ఒకటి రెండు మాటలే వచ్చు. అరవదేశం పొలిమేరలో ఉండే తడ వాళ్ళకు వస్తుంది గానీ మా పక్క ఎవరికి వస్తుందయ్యా?

మా మధ్య పగ ఉందని, కావాలనే తాడు లాగానని ఫ్యాక్టరీ గుమాస్తా పద్మనాభయ్య గారు చెప్పారట. పగ కాదు. ఇది జరిగే ముందురోజు ఆర్ముగం లోపలినుంచి “కల్లు, కల్లు” అని అరిచాడు. “పనిలో కల్లేందిరా, తాగుబోతు సచ్చినోడా!” అని తిట్టాను. ఆయన బయటికొచ్చి నా మీదికొచ్చాడు. వాళ్ళ భాషలో ఇటుకను కల్లంటారని నరసయ్య చెప్పాక అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. కానీ మధ్యాహ్నం నా చేపలపులుసు పోసుకుని తిన్నాడు. పగోడి పులుసు ఎవరైనా తింటారా? ఈ మాట రాసుకోండి.

పోయిన మంగళవారం పొద్దున నరసయ్యను ఆఫీసుకు పిలిచారు. సొరంగం దగ్గర నేనొక్కడినే మిగిలాను. వంగి, “అన్నా, ఇటుకలు ఉండాయా? ఇంకా తోసేదా?” అని అడిగాను. “ఇరుక్కు” అన్నాడు. సరిగ్గా వినబడక మళ్ళీ అడిగాను. “ఇరుక్కు! ఇరుక్కు!” అని అరిచాడు.

మనిషి ఇరుక్కున్నానని అరుస్తుంటే ఊరికే ఎట్లా నిలబడేది? వల లాగినట్టు లాగాను. తాడు రాలేదు. రాలేదు కాబట్టి నిజంగానే ఇరుక్కున్నాడనుకుని ఇంకా గట్టిగా లాగాను. తాడు తాటిమొద్దుకు చుట్టుకుని ఉందని బయట ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది? మొద్దు పడింది. దాని వెనకే కప్పు పడింది. అందరం చేతులతోనే తవ్వి బయటికి లాగాం. కాలు నుజ్జయింది. స్పృహ లేదు. లారీలో నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు.

నిన్న ఆసుపత్రికి పోయాను. వరండాలో ఆయన భార్య కూర్చుని ఉంది. బతికి ఉన్నాడో లేదో తెలియక, “అమ్మా, మేస్త్రి ఎట్లుండాడు?” అని చేయి ఊపి అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుని “ఇరుక్కారు” అంది. “ఇంకా ఇరుక్కునే ఉండాడా? మేం తీసినాం గదమ్మా!” అని గట్టిగా ఏడ్చాను. నర్సు ఎలిశబెతమ్మ వచ్చి, “ఏడవబాక. ఉండాడు అంటోంది. అరవంలో ఇరుక్కు అంటే ఉంది అని” అంది.

ఉంది అనంట. ఇటుకలు ఉన్నాయా అంటే, ఉన్నాయి అన్నాడు. రెండోసారి అడిగితే, ఉన్నాయి ఉన్నాయి అన్నాడు. నేను లాగాను. ఆయన బతికున్నాడని సంతోషపడాలో, ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఇంకేమైనా చెప్పేది ఉందా అని ఎస్సై గారు అడుగుతున్నారు. ఉంది. మేస్త్రికి తెలివి వచ్చాక, నేను కోపంతో లాగలేదని ఆయన భాషలో ఎవరైనా చెప్పండి. నేను చెబితే మళ్ళీ ఏ మాట ఏమవుతుందో.

నేను చెప్పిందే రాశారు. చదివితే విన్నాను. ఇందులో కల్పించింది లేదు.

ముత్యాలయ్య, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
1962 మార్చి 14.