రెండో నంబరు

అక్క ఓడిపోయే ప్రసక్తే లేదని అందరూ అన్నారు కదా, మరి ఈ అంకెలేమిటి అనుకుంటూ అతను ఐర్లండ్‌లో, స్లైగోలోని తన వంటింట్లో ఫోనులో ఓట్ల లెక్కింపు చూస్తూ, సింకు దగ్గరున్న భార్యతో అన్నాడు.

"నోరీన్ అక్క పోటీలోంచి పోయింది. ఈ విడతలో అందరికంటే చివర, కొత్తగా నిలబడ్డ ఆ కుర్రాడికంటే మూడు ఓట్లు తక్కువ."

"మూడేనా?"

"బ్యాలెట్ మీద ఇష్టం వరసలో వేసే నంబర్లలో నా ఒకటో నంబరు వాడికే ఇచ్చా. అక్క ఎలాగూ గెలుస్తుందని తనకి రెండు పెట్టా."

"వాడు పోతేగా నీ ఓటు వదినకి చేరేది."

"తెలుసు. నువ్వైనా అక్కకే వేశావుగా?"

భార్య కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

"నువ్వు వేస్తావుగా అని నేనూ నా ఒకటి వాడికే ఇచ్చా."

"మనిద్దరం వేసుంటే వాడే పోయేవాడు."

"వదిన ఏమైనా రాసిందా?"

"ఇప్పుడే పెట్టింది. 'ఊరు వదిలేసినా నా ఇంటివాళ్ళు నన్ను వదల్లేదు' అని."

"ఫోన్ చెయ్యి."

"చేసి ఏం చెప్పను?"

అతను ఆ మాటల కింద ఎర్ర గుండె బొమ్మ నొక్కాడు.