నడిమి గడిలో చోటు

ముసలయ్య నోరు విప్పాడంటే మద్దేడ్ టీకొట్టులో గ్లాసులు చల్లారిపోవాల్సిందే. పోయినవాళ్ళ పేరు మీద నిలబెట్టే రాళ్ళకు బొమ్మలు వేయడం అతని పని. చేతిలో పనితనం ఉంది, కాదనలేం. నోట్లో దానికి పదింతలుంది. మొగుడు జోగ రాయికి బొమ్మ ఎప్పుడు వేస్తాడో అడుగుదామని వచ్చిన హిడ్మే బల్ల చివర కూర్చుంది. సున్నం కొట్టిన రాయి ఉత్తగా నిలబడి ఉంది. ఆదివారం చుట్టాలు కోడినీ ఇప్పసారానూ పట్టుకొస్తారు. మొహం లేని మనిషి ముందు ఏం పెట్టిస్తుంది? ఆ దిగులుతో ఆమెకు టీ సయించలేదు.

"దంతెవాడ ట్రైనింగుల నేర్పిండ్రు. కాన్‌బాన్ అంట, జపానోళ్ళ పద్ధతి," అని ముసలయ్య గోడకేసి చూపించాడు. బొగ్గుతో గీసిన మూడు గడులు, వాటిలో రాయికొకటిగా అన్నం మెతుకులతో అంటించిన చీటీలు. "ఇగో, చెయ్యాల్సినయి, చేస్తున్నయి, అయిపోయినయి. నడిమి గడిల రెండే చీటీలుండాలె, ఎవరు మొత్తుకున్నా సరే. ఇదివరకు పది రాళ్ళు మొదలుపెట్టి ఒక్కటీ ముగించకపోతుంటి. ఇప్పుడు పని ఎంత జోరైందో తెలుసా?"

"చెప్పకుంటే నీకు నిద్రపడ్తదా," అన్నాడు కొట్టు నడిపే సునీల్.

"భోపాలపట్నం రోడ్డు మీద ఒక రాయికి ఎద్దునేసిన. తోక తడి ఆరకముందే చీటీ తీసి అయిపోయినయిల పెట్టిన. ఎద్దు రాయి దిగి పక్క చేన్ల పడ్డది. చీటీ మల్ల వెనక్కి జరిపితే గాని రాయెక్కలే."

"పేడ?"

"ఏసింది. నీలం, పసుపు. నేనేసిన రంగులే గద. అదొక లెక్కనా, పోయిన వానకాలం ఏమైందో తెలుసా? యముడే వచ్చిండు. దున్నపోతును బయట కట్టేసి ఈ గోడ ముందర నిలబడి, ‘ముసలయ్యా, ఒకర్ని తీస్కపోవాలె, జర చోటియ్యి’ అన్నడు. నడిమి గడి నిండుగుంది. ‘కాయిదా అంటే కాయిదానే మహరాజ్, లైన్ల కూసో’ అన్న. వానల నాని నాని, తుమ్ముకుంట పోయిండు. ఆ వానకాలమంత ఈ చుట్టుపక్కల ఒక్క పీనుగ లేవలే."

సునీల్ పగలబడి నవ్వాడు. హిడ్మే టీగ్లాసు పక్కకు నెట్టింది.

"అన్నా, మా ఇంటాయన, మీ బావ, పోయింది ఆ వానల్లనే గద," అంది నెమ్మదిగా. "పాడె నువ్వే మోసినవ్."

సునీల్ నవ్వు ఆగిపోయింది. ముసలయ్య తల దించుకున్నాడు. లేచి రంగుడబ్బాలు సంచిలో వేసుకుని ఆమె వెంట నడిచాడు. రాయి ముందు కూర్చుని కుంచె తడిపాడు.

"బావను ఏనుగు మీద కూసోబెడ్త చెల్లె."

"ఆయనకు సైకిలే ఉండె అన్నా, అదీ చైను ఊడేది," అంది హిడ్మే. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "ఈ ఒక్కటి ఉన్నదున్నట్టు వెయ్యి."